కుడి పక్క స్లాట్లు

మా ఇంట్లో ఏ పనికైనా కుడి ముందు. కొత్త గడపలోకి కుడికాలు, పసిబిడ్డ నోటికి కుడిచెయ్యి, వంటింటి అలమరలో ఉప్పూ పసుపూ కుడి పక్క. ఎందుకవ్వా అని అడిగితే మా అవ్వ సమాధానం చెప్పేది కాదు, కసిరేది. ఆ కసురు నాకూ వచ్చింది. నా నోటి దురుసు గురించి పెళ్ళయినప్పటినుంచీ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. కుడి పిచ్చి కూడా అవ్వ దగ్గర్నుంచే వచ్చిందన్న సంగతి మాత్రం మా అక్క ఊపిరి ఆగిపోబోయిన రోజుదాకా నాకు తెలియలేదు.

నేను చిక్కబళ్ళాపురంలో ఒక ట్రస్టు ఆస్పత్రిలో నెట్‌వర్క్ చూసుకుంటాను. ట్రస్టుకు ఇక్కడ పెద్ద ఆస్పత్రి, బాగేపల్లిలో ఒకటి, చింతామణిలో ఒకటి చిన్నవి ఉన్నాయి. చిన్న ఆస్పత్రుల్లో ప్రాణం మీదికొచ్చిన వాళ్ళకోసం నాలుగేసి మంచాలు ఉంటాయి గానీ పెద్ద డాక్టరు ఎప్పుడూ ఉండడు. అందుకని ప్రతి మంచం పక్కన ఉన్న మానిటర్‌లోని అంకెలు, గీతలు, గోడమీది కెమెరా బొమ్మ అన్నీ లైను మీద చిక్కబళ్ళాపురం వస్తాయి. ఇక్కడ కింది అంతస్తులో ఒక గదిలో వరసగా తెరలుంటాయి. పెద్ద డాక్టరు ఒకరు వాటి ముందు కూర్చుని, అక్కడి నర్సుకు ఏం చేయాలో ఫోన్లో చెబుతారు.

మూడు ఊళ్ళ లైన్లూ వచ్చి కలిసేది ఒక రౌటర్‌లో. పాతకాలపు పెద్ద పెట్టె అది. లోపల ఖాళీ అరలుంటాయి, వాటిని స్లాట్లు అంటాం. ఏ లైనుకు కావలసిన కార్డు తెచ్చి ఆ లైను కోసం ఒక స్లాట్‌లో దూర్చుకోవచ్చు. మా పెట్టెకు ఎడమ పక్క మూడు స్లాట్లు, కుడి పక్క మూడు. కార్డుల్లోకి వచ్చే సమాచారం ప్యాకెట్లుగా వస్తుంది. ప్రతి ప్యాకెట్టూ ముందు పెట్టె నడుమ ఉన్న మెమరీలోకి పోయి కాసేపు ఆగాలి, తర్వాత తన దారి దొరికాక బయటికి పోవాలి. ఆ మెమరీకి పోయే దారులు రెండే. ఎడమ పక్క కార్డులన్నిటికీ కలిపి ఒకటి, కుడి పక్క వాటికి ఒకటి. అందుకని బరువైన కార్డులను రెండు పక్కలా సమంగా పంచాలి. పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఈ మాట మొదటి పేజీల్లోనే ఉంది. ప్రతి కార్డుకూ ఇన్ని పాయింట్లని ఇచ్చి, ఒక పక్కన ఇంతకు మించకూడదని కూడా రాశారు.

పెట్టె బిగించిన రోజు ట్రస్టు మేనేజరు కొబ్బరికాయ, పూలు, కుంకుమ తెచ్చాడు. పెట్టె నుదుటన మూడు బొట్లు, ఆస్పత్రుల కార్డులకు ఒక్కో బొట్టు పెట్టి, ఆస్పత్రుల కార్డులు బలగడె ఉండాలని కన్నడంలో అన్నాడు. కుడి పక్కన అని. రోగుల ప్రాణాలు మోసేవి కదా, అవి ఎడమన ఎట్లా పెడతాం అని ఆయన ఉద్దేశం. ఆయన మీద నెట్టేయడం నాకు సులువే గానీ, ఆయన ఆ మాట అనేసరికి బాగేపల్లి కార్డు అప్పటికే నా కుడి చేతిలో ఉంది, కుడి పక్క స్లాట్ మూత ఊడదీసి ఉంది. దాని కింద చింతామణి, దాని కింద తెరల గదికి పోయే కార్డు. ఎడమ పక్కన ఆఫీసు హాజరు యంత్రం, ఫోన్లు. ఒక స్లాట్ ఖాళీ.

పెట్టె ఆన్ చేసినప్పుడు నా ల్యాప్‌టాప్ మీద ఒక వరస వచ్చింది. కుడి పక్క దారికి ఉండాల్సినదానికంటే పాయింట్లు ఎక్కువయ్యాయి అని. అది తప్పు అని చెప్పలేదు, హెచ్చరిక అని చెప్పింది. పెట్టె ఆగలేదు, లైన్లన్నీ పచ్చగా వెలిగాయి, మేనేజరు అందరికీ కొబ్బరి ముక్కలు పంచాడు. నేను ఆ వరసను చూశాను. చదివాను. అర్థం కూడా అయింది. కార్డు తీసి ఎడమకు మార్చడానికి అయిదు నిమిషాలు పట్టేది. బొట్టు పెట్టిన కార్డును తీసి ఎడమ పక్కకు వేయడానికి నాకు చేతులు రాలేదు. ఇంజనీరింగ్ చదివిన మనిషిని, ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. తర్వాత మంచాల దగ్గర కెమెరాలు మార్చి, ఇంకా తేటగా కనిపించేవి పెట్టారు. చిన్న ఆస్పత్రుల్లో తీసిన స్కాన్ బొమ్మలన్నీ మధ్యాహ్నం రెండు గంటలకు చిక్కబళ్ళాపురానికి కాపీ అయ్యేలా ఏర్పాటు చేశారు. అప్పటినుంచి మధ్యాహ్నం పూట తెరలు వణకడం మొదలైంది. బొమ్మ ముక్కలయ్యేది, అంకెలు ఒక్క క్షణం మాయమై మళ్ళీ వచ్చేవి. మెమరీలో చోటు లేక ప్యాకెట్లు కింద పడిపోతున్నాయని లెక్కలో కనిపించింది. పెద్ద డాక్టరు నన్ను పిలిచి, రోగిని చూడాలా, ఈ గళ్ళను చూడాలా అని అడిగారు.

అప్పుడైనా నేను కార్డు మార్చవలసింది. దానికి ఆ లైను కాసేపు ఆపాలి, మూడు ఆస్పత్రులకూ ముందుగా చెప్పాలి, ఎందుకని అడిగితే జవాబు చెప్పాలి. దానికి బదులు కుర్చీలోంచి లేవకుండానే పని అయ్యే దారి ఒకటి వెతికాను. ప్యాకెట్లు ఆగడానికి మెమరీలో ఇచ్చిన చోటును బాగా పెంచేశాను. వెంటనే పడిపోయే ప్యాకెట్ల లెక్క సున్నా అయింది. తెరలు నిలకడగా, నునుపుగా కనిపించాయి. డాక్టరు మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నేను గొప్పలు చెప్పుకున్నాను కూడా.

నేను చేసిందేమిటో ఇప్పుడు ఎవరికైనా చెప్పాలంటే చింతామణి టమోటా మార్కెట్ చెబుతాను. గేటు ఇరుకు, లారీలు రోడ్డు మీద నిలబడిపోతున్నాయి. నేను గేటు వెడల్పు చేయలేదు, లోపలి ఆవరణ పెద్దది చేశాను. రోడ్డు మీద ఒక్క లారీ కనిపించడంలేదని అందరూ సంతోషించారు. లోపల టమోటాలు మెత్తబడుతున్నాయి.

అట్లా వానాకాలం గడిచింది. వేరుశనగ చెనిక్కాయ పీకి, ఎండిన చెట్లను కట్టె వామిగా పేర్చే రోజులు వచ్చాయి.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. చాకవేలు పక్కన ఒక పల్లెలో ఇచ్చారు, బావతో కలిసి సేద్యం చేస్తుంది. మా అమ్మ పోయాక నాకు జడ వేసింది, తిట్టింది, చదివించమని నాయనతో పోట్లాడింది ఆమే. ఒకరోజు పొద్దున పదిన్నరకు బావ ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడూ ఫోన్‌లో గట్టిగా అరిచి మాట్లాడతాడు, ఆ రోజు గొంతు లేదు.

"అమ్మా, మీ అక్కకు పాము కర్సింది. కట్టె తీస్తాంటే చేతికి కర్సింది. నాగుపామే, నేను చూస్తి. ఆటోలో బాగేపల్లికి తెస్తాండాను."

ఊళ్ళో మంత్రం వేసే ఆయన దగ్గరికి పోదామని ఎవరో అన్నారట, బావ వినలేదు. పదకొండున్నరకల్లా అక్క మా బాగేపల్లి ఆస్పత్రిలో, నాలుగు మంచాల్లో ఒక దానిమీద ఉంది. విషానికి విరుగుడు మందు ఎక్కిస్తున్నారని తెలిసి, నేను మెట్లు దిగి తెరల గదికి పరుగెత్తాను. బాగేపల్లికి బయల్దేరాలనే అనుకున్నాను. కానీ పోయి తలుపు బయట నిలబడేకంటే, ఇక్కడ కూర్చుంటే ఆమెను చూస్తూ ఉండొచ్చు, డాక్టరు పక్కనే ఉండొచ్చు అనిపించింది. నా తెరల మీద నాకంత నమ్మకం.

తెర మీద అక్క ఉంది. పచ్చ దుప్పటి, వాచిన కుడి చెయ్యి దిండు మీద, ఎడమ చేతి వేలికి క్లిప్పు. పక్కన అంకెలు. నెత్తురులో ఆక్సిజన్ తొంభై ఏడు. పెద్ద డాక్టరు నాకు నెమ్మదిగా వివరించారు. ఈ విషం కండరాలను పడుకోబెడుతుంది, ముందు కంటి రెప్పలు వాలతాయి, తర్వాత గొంతు, తర్వాత ఊపిరి. మందు పని చేసేలోపు ఊపిరి తగ్గితే గొంతులో గొట్టం వేసి యంత్రం మీద పెట్టాలి. తగ్గకపోతే అక్కరలేదు. అందుకే ఈ అంకెను కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. ఆయన అంకె మీద వేలు పెట్టి చూపించారు.

ఒంటిగంటకు బావ ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టాడు. మాట ముద్దగా ఉంది.

"రెప్పలు లేస్తాండ్లేదే. అంతా రెండు రెండు కనపడతాండాది. మీ బావ ఒగడు సాలదా నాకు?"

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. "భయపడొద్దక్కా," అన్నాను. "నేను ఈడ్నే ఉండాను. టీవీలో నిన్ను చూస్తానే ఉండాను."

"చూస్తాండు మరి," అంది.

రెండు దాటింది. చింతామణి మంచాల్లో ఒకరికి ఏదో ఇబ్బంది వస్తే డాక్టరు ఆ తెర వైపు తిరిగి అక్కడి నర్సుతో మాట్లాడుతున్నారు. నేను అక్క తెర ముందునుంచి కదల్లేదు. తొంభై ఆరు. అక్క కదలకుండా పడుకుని ఉంది. నిద్రపట్టిందనుకున్నాను. ఆ నిద్ర చూసి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగలేదని అప్పుడు గుర్తొచ్చి సీసా మూత తీశాను.

బాగేపల్లి నుంచి ఫోన్ మోగింది. డాక్టరు స్పీకర్ నొక్కారు. అక్కడి నర్సు. ఊపిరి తగ్గుతోంది, ఎనభై తొమ్మిది చూపిస్తోంది అని చెప్పింది. డాక్టరు అక్క తెర వైపు చూశారు. నేనూ చూశాను. తొంభై ఆరు. గీత నిదానంగా, అందంగా పోతోంది. డాక్టరు ఆమెను కసరలేదు, నెమ్మదిగానే అన్నారు. ఇక్కడ నాకు తొంభై ఆరు కనిపిస్తోంది, వేలి క్లిప్పు ఒక్క క్షణం జారి ఉంటుంది, సరిగ్గా పెట్టి చూడు, కంగారుపడకు అని. ఆమె సరే సార్ అంది. ఆమె గొంతు వెనక మానిటర్ అలారం కూత వినిపిస్తోంది. తెర మీద ఏ అలారమూ లేదు. ఎర్ర దీపం లేదు.

నా చేతిలో సీసా అట్లాగే ఉంది. ఆ క్షణం నాకు ఒకేసారి మొత్తం అర్థమైంది. అంకె తప్పు కాదు. క్లిప్పు జారలేదు. నర్సు ఇప్పటి అంకె చెబుతోంది, మేము ఎప్పటిదో చూస్తున్నాం. రెండు గంటలకు స్కాన్ బొమ్మలు మొదలయ్యాయి. కుడి పక్క దారి నిండిపోయింది. అక్క ఊపిరి అంకెలు నేను పెంచిన మెమరీలో వరుసగా కూర్చుని తమ వంతు కోసం ఆగి ఉన్నాయి. ఒక్కటీ పడిపోలేదు. అన్నీ భద్రంగా, ఒక్కొక్కటిగా, ఆలస్యంగా వస్తున్నాయి. తెర మూలన గడియారం సరిగ్గానే నడుస్తోంది, కానీ అది మా గదిలోని కంప్యూటర్ గడియారం, మంచం దగ్గరిది కాదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. నేను వెంటనే నోరు విప్పలేదు. చెబితే ఇన్ని నెలలుగా డాక్టరు చూసిందంతా ఏమిటో కూడా చెప్పాలి. ఆ భయం అక్క మీది భయానికి అడ్డం వచ్చి నిలబడింది. ఎంతసేపో తెలియదు, రెండు మూడు శ్వాసలు ఉంటుందేమో. నా శ్వాసలు. అక్కకు ఆ సమయంలో ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. డాక్టరు మళ్ళీ చింతామణి తెర వైపు కుర్చీ తిప్పుకున్నారు.

"సార్," అన్నాను. "ఆ తెరను నమ్మొద్దండి. అది ఎప్పుడో జరిగింది చూపిస్తాండాది. సిస్టర్ చెప్పిందే నిజం."

ఆయన నన్ను చూశారు. ఎంత ఆలస్యం అని అడిగారు. నాకు తెలియదన్నాను. బాగేపల్లికి ఫోన్ కలిపి, ఇప్పుడు ఎంత ఉందని అడిగారు. ఎనభై ఒకటి అంది నర్సు. తెర మీద తొంభై అయిదు. డ్యూటీ డాక్టరును పరుగెత్తి రమ్మను, గొట్టం వేయాలి, నేను ఫోన్లో ఉంటాను, ప్రతి అంకే గట్టిగా చదువు అన్నారు. ఆమె చదివింది. డెబ్బై ఎనిమిది. డెబ్బై నాలుగు. అక్కడ చెప్పుల చప్పుడు, ఇనుప ట్రే చప్పుడు, ఎవరినో పక్కకు పొమ్మన్న కేక, బావ ఏడుపు. మా ముందు తెర మీద మాత్రం అక్క ప్రశాంతంగా పడుకుని ఉంది. మంచం దగ్గరకు ఎవరూ రాలేదు. నేను ఆ రెంటినీ ఒకేసారి భరించలేకపోయాను. చెవిలో మా అక్క చచ్చిపోతోంది, కళ్ళ ముందు నిద్రపోతోంది.

అరవై ఎనిమిది అన్నాక నర్సు చదవడం ఆపేసింది. డాక్టరు ఆమెను పేరు పెట్టి పిలిచారు. జవాబు లేదు. నేను దేవుణ్ణి తలుచుకోలేదు, అమ్మను తలుచుకోలేదు. కుడి పక్క మొదటి స్లాట్ అనుకున్నాను. అదే మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

"సార్, గొట్టం లోపలికి పోయింది," అంది నర్సు. కాసేపటికి డెబ్బై తొమ్మిది అంది. ఎనభై ఎనిమిది. తొంభై మూడు.

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. సరిగ్గా అప్పుడు మా తెర మీద అంకె కిందికి దిగడం మొదలైంది. తొంభై. ఎనభై ఎనిమిది. ఎర్ర దీపం వెలిగింది, అలారం కూసింది. అయిపోయిన సంగతి అంతా మళ్ళీ మొదటినుంచీ వస్తోందని తెలుసు. అక్క బతికే ఉందని తెలుసు. అయినా నేను చూడలేకపోయాను. కొంగు ముఖానికి కప్పుకుని, అలారం ఆగేదాకా బల్ల మీద తల వాల్చి కూర్చున్నాను.

నాలుగు గంటలకు, స్కాన్ బొమ్మలు ఆగాక, ఆలస్యం ఎంతో కనుక్కోవడానికి ఒక పని చేశాం. వాటిని మళ్ళీ నడిపించి, నర్సును కెమెరా ముందు దీపం ఆర్పమన్నాం. ఆమె ఆర్పానని ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నేను లెక్కపెట్టాను. తెర మీద దీపం ఆరేసరికి మూడు నిమిషాలు దాటింది. డాక్టరు ఆ లెక్కను కాగితం మీద రాసుకున్నారు. నా వంక చూడను కూడా లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే పెట్టె తెరిచాను. బాగేపల్లి నర్సును ఫోన్లో ఉంచి, లైను ఆపి, కార్డు బయటికి లాగాను. కుంకుమ ఎండి పొడిగా రాలింది. ఎడమ పక్క ఖాళీ స్లాట్‌లో దాన్ని దూరుస్తుంటే రెండుసార్లు అంచుకు తగిలింది. పచ్చ దీపం రావడానికి పట్టిన సమయంలో అక్క తెర నల్లగా ఉంది. ఆ నల్ల తెర చూసి కూడా నాకు ఒక విధంగా ధైర్యంగానే అనిపించింది. అది కనీసం నిజం. మెమరీని మునుపటంతకు తగ్గించాను. తెర మూలన మంచం దగ్గరి గడియారం కూడా కనిపించేలా చేయించాను. మేనేజరుకు తప్పు నాదేనని రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి సొరుగులో పెట్టుకుని, సరిపోయింది కదమ్మా, ఇంక ఎవరితో అనొద్దు అన్నాడు.

మూడో రోజు అక్కకు గొట్టం తీశారు. నేను బాగేపల్లి వెళ్ళాను. గొంతు బొంగురుపోయింది, రెప్పలు మాత్రం బాగానే లేచాయి. నా చెయ్యి పట్టుకుని మొదట అన్న మాట ఇది.

"ఊపిరి ఆడ్లేదే. అరుద్దామంటే గొంతు రాలే. సిస్టరు అప్పుడు ఫోన్ కాడికి పోయింది, మీ బావ మందుల చీటీ పట్టుకోని బయట ఉండాడు. నువ్వు చూస్తాండావు గదా అని ఆ కెమెరా పక్కకు చెయ్యెత్తితిని. చూస్తివా?"

నేను చూడలేదు. ఆమె చెయ్యి ఎత్తినప్పుడు నా తెర మీద ఆమె నిద్రపోతోంది. ఆ చెయ్యి తెర మీదికి వచ్చినప్పుడు నేను కొంగు కప్పుకుని ఉన్నాను. రెండుసార్లు చూసే అవకాశం ఉండి రెండుసార్లూ చూడలేదు.

"చూసినానక్కా," అన్నాను.

"నాకు తెల్సు," అంది. నా చెయ్యి విడవలేదు.

చిక్కబళ్ళాపురం వచ్చాక రికార్డు తెరిచి చూశాను. అక్క ఎడమ చెయ్యి, క్లిప్పుతో సహా, దుప్పటి మీద నుంచి లేచింది. భుజం ఎత్తుకు కూడా రాలేదు. వేళ్ళు రెండుసార్లు ముడుచుకుని విప్పుకున్నాయి. తర్వాత కింద పడింది.

నెల తర్వాత అక్కను చూడటానికి ఊరికి పోయాను. అప్పటికి ఆ కథ ఊరంతా తిరిగింది. చెల్లెలు చిక్కబళ్ళాపురంలో కూర్చుని టీవీలో చూసి అక్కను బతికించిందని. అక్కే చెప్పింది అందరికీ. బాగేపల్లికి పోయినవాళ్ళు కెమెరా ఉన్న మంచమే కావాలని అడుగుతున్నారని బావ నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. వరండాలో అయిదారుగురు ఆడవాళ్ళు నన్ను చూడటానికి వచ్చి కూర్చున్నారు. ఒకామె నా చేతిలో పూలు పెట్టింది. ఆమె పక్కింటి కోడలు, ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె అత్త ఆ వానాకాలంలోనే బాగేపల్లిలో మా ఆస్పత్రిలో పోయిందని అక్క చెప్పింది.

"మా యత్తను గూడా నువ్వు ఇట్లే చూస్తాంటివామ్మా?" అని అడిగింది ఆమె. నిందగా కాదు. చూసి ఉంటే బాగుండునన్నట్టు అడిగింది.

వానాకాలం అంటే నేను మెమరీ పెంచిన తర్వాత. ఏ వేళప్పుడు పోయిందమ్మా అని అడిగాను. ఆమె రాత్రి అనాలని, పొద్దున అనాలని, ఏదైనా అనాలని లోపల మొక్కుకున్నాను.

"మధ్యానమ్మా. అన్నాలేళ దాటినాక."

ఇంక నా వల్ల కాలేదు. చెప్పేశాను. రౌటర్ అని చెప్పలేదు, స్లాట్లని చెప్పలేదు. నేను చేసిన తప్పువల్ల ఆ తెర మీద మధ్యాహ్నం పూట బొమ్మ ఆలస్యంగా వచ్చేదని, డాక్టరు చూసేసరికి అక్కడ జరగాల్సింది జరిగిపోయి ఉండేదని, మా అక్క చెయ్యి ఎత్తితే నేను చూడలేదని, చూశానని అబద్ధం చెప్పానని చెప్పాను. మా అక్క గోడకు ఆనుకుని కూర్చుని తన ఎడమ చేతిని తానే చూసుకుంటోంది. బావ లేచి పశువుల కొట్టం వైపు పోయాడు. పూలు ఇచ్చిన ఆమెకు చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు తిరిగింది.

"అయితే మా యత్త గూడా చెయ్యి ఎత్తింటుందా?" అంది.

రికార్డులు మా దగ్గర పదిహేను రోజులే ఉంటాయి. నాకు తెలియదమ్మా అన్నాను.